పరుగు పరీక్షకు ముందు కాలి ఎముక నొప్పి – ఏమి చేయాలి?

పోలీసు ఉద్యోగాలకు నోటిఫికేషన్ వెలువడిందంటే చాలు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో తెల్లవారకముందే మైదానాలు నిండిపోతాయి. కళాశాల మైదానాల్లో, కాలువ గట్ల మీద, ఊరి బయటి తారు రోడ్ల మీద యువతీ యువకులు గుంపులుగా పరుగు తీస్తూ కనిపిస్తారు. రెండు మూడు వారాలు గడిచేసరికి వీరిలో కొందరికి మోకాలికి, చీలమండకు మధ్య, కాలి ముందరి ఎముక లోపలి అంచు వెంట నొప్పి మొదలవుతుంది. మొదట పరుగు తరువాత మాత్రమే ఉండే నొప్పి క్రమంగా మెట్లు దిగేటప్పుడు, చివరకు నడిచేటప్పుడు కూడా బాధిస్తుంది.

తెలంగాణలో కానిస్టేబుల్ నోటిఫికేషన్లు 2015, 2018, 2022 సంవత్సరాలలో వెలువడ్డాయి. అంటే ఒకసారి తప్పితే మళ్ళీ మూడు నాలుగేళ్ళు ఎదురుచూడవలసి రావచ్చు. ఈలోగా వయోపరిమితి దాటిపోయే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఈ నొప్పితో వచ్చేవారు "ఇది ఏమి జబ్బు?" అని అడగరు. "డాక్టరుగారూ, పరుగుకు ఇంకా ఇరవై రోజులే ఉంది, నేను పరుగెత్తవచ్చా?" అని అడుగుతారు.

ఈ ప్రశ్నకు సమాధానం నొప్పి ఎక్కడ ఉంది, ఎప్పుడు వస్తుంది అనే రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. ఆ తేడా తెలిసినవారు పరీక్షనూ, కాలునూ రెండింటినీ కాపాడుకోగలరు. తెలియనివారు మాత్ర వేసుకుని పరుగెత్తి రెండింటినీ పోగొట్టుకోవచ్చు.

ఈ నొప్పి ఏమిటి?

మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. వాటిలో పెద్దది, శరీర బరువును మోసేది ముందు వైపు ఉంటుంది. దీనిని పాఠ్యపుస్తకాల్లో అంతర్జంఘిక అంటారు. దీని లోపలి అంచుకు పిక్క కండరాలు అతుక్కుని ఉంటాయి. ఎముక చుట్టూ పలుచని పొర ఉంటుంది. నొప్పిని తెలిపే నరాలు ఈ పొరలో చాలా ఉంటాయి.

పరుగులో పాదం నేలను తాకిన ప్రతిసారీ ఈ ఎముక కంటికి కనిపించనంత స్వల్పంగా వంగుతుంది. అదే సమయంలో పిక్క కండరాలు పై పొరను లాగుతాయి. అలవాటు లేని కాలు రోజుకు కొన్ని వేల సార్లు ఈ ఒత్తిడికి గురైతే ఎముక, దాని పై పొర దెబ్బతిని నొప్పి పుడుతుంది. దీనినే షిన్ స్ప్లింట్స్ అంటారు. వైద్య పరిభాషలో దీని పేరు మీడియల్ టిబియల్ స్ట్రెస్ సిండ్రోమ్. ఇది అంటువ్యాధి కాదు, వాతం కాదు, నరాల బలహీనత అంతకంటే కాదు.

ఎందుకు వస్తుంది?

మన ఎముక రాయి వంటిది కాదు. అది సజీవమైనది. కొత్త బరువు పడినప్పుడు అరిగిన భాగాన్ని తొలగించి, దాని స్థానంలో గట్టి ఎముకను నిర్మించుకుంటుంది. పాత భాగాన్ని తొలగించే పని రెండు మూడు వారాల్లో పూర్తవుతుంది. కొత్త ఎముకను నింపి గట్టిపరచడానికి మాత్రం సుమారు మూడు నెలలు పడుతుంది. కాబట్టి సాధన మొదలుపెట్టిన తరువాత కొన్ని వారాల పాటు ఎముక మునుపటికంటే కొంత బలహీనంగా ఉంటుంది.

ఊపిరితిత్తులు, గుండె ఇంతకంటే త్వరగా అలవాటు పడతాయి. మూడు వారాలకే ఆయాసం తగ్గుతుంది. "ఇప్పుడు బాగా పరుగెత్తగలను" అనే ధైర్యం వచ్చి దూరం, వేగం రెండూ పెంచుతారు. సరిగ్గా ఎముక మెత్తబడిన సమయంలోనే దాని మీద భారం రెట్టింపవుతుంది. నొప్పి చాలామందికి మూడవ, నాలుగవ వారంలో రావడానికి ఇది ముఖ్య కారణం.

ఇది సైనికులకు ఎంతో కాలంగా తెలిసిన బాధే. 1855లో ప్రష్యా సైన్యంలోని బ్రైట్‌హాప్ట్ అనే వైద్యుడు దూరప్రయాణాలు నడిచిన సైనికుల పాదాల్లో వచ్చే వాపు, నొప్పి గురించి వ్రాశాడు. 1895లో ఎక్స్‌రే కనుగొన్న తరువాత గాని ఆ వాపుకు కారణం ఎముకలో ఏర్పడిన సన్నని చీలిక అని తెలియలేదు. ఈనాటికీ ప్రపంచంలోని అన్ని సైన్యాలలో కొత్తగా చేరినవారికి కాలి ఎముక నొప్పి సాధారణ సమస్యే.

నొప్పిని పెంచే ఇతర కారణాలు:

– నెలల తరబడి సాధన లేకుండా ఉండి, నోటిఫికేషన్ రాగానే ఒక్కసారిగా ప్రతిరోజూ పరుగెత్తడం.
– తారు రోడ్డు, సిమెంటు రోడ్డు మీద ఎప్పుడూ ఒకే వైపున పరుగెత్తడం. రోడ్డు అంచు వాలుగా ఉండడం వల్ల ఒక కాలి మీద భారం ఎక్కువ పడుతుంది. కాలువ గట్టు అంచున పరుగెత్తినా ఇంతే.
– అరిగిన బూట్లు, పలుచని కాన్వాసు బూట్లు. అలవాటు లేకుండా ఉత్త కాళ్ళతో పరుగెత్తడం.
– చదునైన పాదాలు, బలహీనమైన పిక్కలు, అధిక బరువు.
– ఇంతకుముందు ఒకసారి ఇదే నొప్పి వచ్చి ఉండడం.
– తగినంత తిండి, నిద్ర లేకపోవడం.

మరొక విషయం గమనించండి. 2018లో పురుషులకు 800 మీటర్ల పరుగు ఉండేది. 2022 నోటిఫికేషన్‌లో అది 1600 మీటర్లు అయింది. కాబట్టి ఐదారేళ్ళ క్రితం ఉద్యోగం సంపాదించిన అన్న చెప్పిన సాధన పద్ధతి ఈనాటి దూరానికి సరిపోకపోవచ్చు.

వేలితో చేసుకునే పరీక్ష

కుర్చీలో కూర్చుని నొప్పి ఉన్న కాలిని రెండవ మోకాలి మీద పెట్టుకోండి. చీలమండ పైనుండి మోకాలి వైపు, ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుతూ వెళ్ళండి.

నొప్పి నాలుగు వేళ్ళ వెడల్పు లేదా అంతకంటే ఎక్కువ మేర పరచుకుని ఉంటే, పరుగు మొదట్లో బాధించి ఒళ్ళు వేడెక్కాక తగ్గుతూ ఉంటే, విశ్రాంతిలో లేకపోతే అది బహుశా షిన్ స్ప్లింట్స్. దీనిని జాగ్రత్తగా అదుపులో పెట్టుకోవచ్చు.

నొప్పి ఒక్క వేలి కొన కింద, ఒకే చోట సూదితో గుచ్చినట్లు ఉంటే ఎముకలో సన్నని చీలిక ఏర్పడి ఉండవచ్చు. దీనిని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. పరుగెత్తే కొద్దీ ఈ నొప్పి పెరుగుతుంది. రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతుంది. ఇటువంటి కాలితో గెంతి చూడకండి, పరుగెత్తి చూడకండి. డాక్టరుకు చూపించండి.

వెంటనే వైద్యుని సంప్రదించవలసిన లక్షణాలు

1. ఒకే చోట తీవ్రమైన నొప్పి, అక్కడ వాపు లేదా గడ్డలాగా చేతికి తగలడం.
2. విశ్రాంతిలోనూ, రాత్రివేళ కూడా నొప్పి.
3. కుంటకుండా నడవలేకపోవడం.
4. ఎముక ముందు అంచున, సరిగ్గా మధ్యభాగంలో నొప్పి. ఇక్కడి చీలిక ఆలస్యంగా మానుతుంది, పూర్తిగా విరిగే ప్రమాదం ఎక్కువ.
5. కొంత దూరం పరుగెత్తగానే పిక్క రాయిలా బిగుసుకుని, పాదం తిమ్మిరెక్కడం లేదా పాదం పైకి లేవకపోవడం. ఇది కండరాల అరలలో ఒత్తిడి పెరగడం వల్ల కావచ్చు. ఆగినా తగ్గకపోతే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.
6. పిక్క ఎర్రబడి, వేడిగా ఉబ్బడం లేదా జ్వరం రావడం.
7. గజ్జలో లేదా తొడ పైభాగంలో నొప్పి.

ఒక హెచ్చరిక. స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే బాగుంది కదా" అని పరుగెత్తకండి. అనుమానం ఉంటే డాక్టరు కొద్ది రోజుల తరువాత మళ్ళీ ఎక్స్‌రే తీయిస్తారు, లేదా ఎం.ఆర్.ఐ. చేయిస్తారు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 నుండి, గద్వాలలో 2024 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. వీటికి అనుబంధమైన ఆసుపత్రుల్లో ఎముకల వైద్యుని సలహా పొందవచ్చు.

పరుగుకు ఎన్ని రోజులుంది?

ఇక్కడ చెప్పే సలహాలు షిన్ స్ప్లింట్స్‌కు మాత్రమే. పై లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా ఇవి వర్తించవు.

ఆరు వారాలు లేదా ఎక్కువ ఉంటే: మీకు సరిపడినంత సమయం ఉంది. మామూలుగా నడిచినా నొప్పి లేని స్థితి వచ్చేవరకు పరుగు ఆపండి. ఇందుకు ఒకటి రెండు వారాలు పట్టవచ్చు. ఆ తరువాత ఒక నిమిషం మెల్లని పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున పది సార్లు చేయండి. రోజు విడిచి రోజు మాత్రమే పరుగెత్తండి. మొదట దూరం పెంచండి, వేగం తరువాత పెంచవచ్చు.

మూడు వారాలు ఉంటే: నాలుగైదు రోజులు పరుగు పూర్తిగా ఆపండి. ఈ రోజుల్లో ఊపిరి బలం తగ్గకుండా సైకిలు తొక్కండి. సీటు కాస్త ఎత్తుగా పెట్టుకుని, రెండు నిమిషాలు వేగంగా, రెండు నిమిషాలు మెల్లగా తొక్కితే గుండెకు, ఊపిరితిత్తులకు పరుగుతో సమానమైన వ్యాయామం లభిస్తుంది. ఎముక మీద మాత్రం దెబ్బ పడదు. ఈత బాగా వచ్చినవారు ఈత కొట్టవచ్చు. నిండుగా పారే కాలువల్లో మాత్రం దిగకండి. తరువాత వారానికి మూడు రోజులు మాత్రమే, మట్టి మైదానంలో, ఇంతకుముందు పరుగెత్తిన దూరంలో సగంతో మొదలుపెట్టండి.

ఒక వారమే ఉంటే: ఈ ఏడు రోజుల్లో కొత్తగా బలం సంపాదించలేరు, ఉన్న కాలిని పాడుచేసుకోవడం మాత్రం సాధ్యమే. చివరి ఐదు రోజులు పూర్తి దూరం పరుగెత్తి పరీక్షించుకోకండి. రోజూ నడక, సైకిలు చాలు. మధ్యలో ఒకటి రెండు సార్లు పది నిమిషాల మెల్లని పరుగు, చివర వంద మీటర్లు రెండు మూడు సార్లు కాస్త వేగంగా పరుగెత్తితే సరిపోతుంది. విశ్రాంతి తీసుకుంటే దమ్ము పోతుందని భయపడవద్దు. వారం రోజుల్లో అది చెప్పుకోదగినంత తగ్గదు.

నొప్పికి కొలబద్ద: భరించలేని నొప్పికి పది మార్కులు అనుకోండి. పరుగులో నొప్పి రెండు మార్కులు దాటకుండా, మరుసటి ఉదయం మంచం దిగేసరికి పూర్తిగా పోయి ఉంటే మీ సాధన సరైన మోతాదులో ఉన్నట్లు. ఉదయానికి నొప్పి మిగిలి ఉంటే ఆ రోజు పరుగు వద్దు.

నొప్పి మాత్రలు, ఇంజెక్షన్ల గురించి

ఈ విషయంలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. మందుల దుకాణంలో డైక్లోఫెనాక్ వంటి మాత్ర కొని, వేసుకుని, నొప్పి తెలియకుండా పరుగెత్తడం చాలామంది చేసే పొరపాటు. మాత్ర నొప్పిని కప్పుతుంది, ఎముకను అతికించదు. నొప్పి తెలియని కాలిలో చిన్న చీలిక పెద్దదవుతుంది. కాలి పెద్ద ఎముక పూర్తిగా విరిగితే లోపల కడ్డీ వేసి ఆపరేషన్ చేయవలసి రావచ్చు. అప్పుడు ఈ పరుగే కాదు, నెలల తరబడి నడకే కష్టమవుతుంది.

ఈ మాత్రలు పరగడుపున వేసుకుంటే కడుపులో పుండ్లు పడవచ్చు. చెమట పట్టి, నీరు తాగక పరుగెత్తేవారిలో మూత్రపిండాలకు హాని కలగవచ్చు. ఎముక నొప్పి ఉన్న చోట స్టెరాయిడ్ ఇంజెక్షన్ అసలే వద్దు. "పరుగు రోజు ఒక సూది వేయండి" అని ఎవరినీ అడగకండి. ఎవరైనా వేస్తామన్నా ఒప్పుకోకండి.

ఇంట్లో చేసుకోదగిన చికిత్స

– పలుచని గుడ్డలో మంచు ముక్కలు చుట్టి, నొప్పి ఉన్న చోట 10 నుండి 15 నిమిషాలు పెట్టండి. రోజుకు మూడు నాలుగు సార్లు చేయవచ్చు. మంచును చర్మానికి నేరుగా తగిలించకండి.
– ఎముక మీద గట్టిగా రుద్దడం, లాగడం, బిగించి కట్లు కట్టించడం చేయకండి. పిక్క కండరాన్ని మెల్లగా మర్దన చేస్తే నష్టం లేదు.
– గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి చాపి, మడమ నేలకు ఆనేలా ముందుకు వంగండి. 30 సెకన్ల చొప్పున మూడు సార్లు చేయండి.
– నడకలో నొప్పి తగ్గిన తరువాత మునివేళ్ళ మీద పైకి లేచి, మెల్లగా కిందికి దిగండి. 12 నుండి 15 సార్ల చొప్పున మూడు విడతలు చేయాలి. మోకాలు నిటారుగా ఉంచి ఒకసారి, కొంచెం వంచి ఒకసారి చేయండి. రెండు రకాలు చేస్తేనే లోపలి పిక్క కండరం కూడా బలపడుతుంది.
– పరుగులో అంగలు పొడవుగా వేయకండి. అదే వేగానికి కొంచెం చిన్న అంగలు, ఎక్కువ సార్లు వేస్తే ప్రతి అడుగులో ఎముకపై పడే దెబ్బ తగ్గుతుంది.

బూట్లు: ఖరీదైన బూట్లు అవసరం లేదు. మడమ దగ్గర గట్టిగా పట్టి, ముందు బొటనవేలికి వేలెడు చోటు ఉండి, అడుగున మెత్తగా ఉంటే చాలు. సాయంత్రం పూట కొనండి. పగలంతా నడిచిన పాదం అప్పుడు కొద్దిగా ఉబ్బి సరైన కొలత తెలుస్తుంది. పరుగు రోజు మొదటిసారిగా కొత్త బూట్లు వేసుకోకండి.

ఆహారం: ఎముక కట్టుకోవడానికి సున్నం, మాంసకృత్తులు, డి విటమిన్ కావాలి. రాగి జావ, పాలు, పెరుగు, గుడ్లు, పప్పు, వేరుశనగ, ఆకుకూరలు మనకు అందుబాటులో ఉన్నవే. బరువు తగ్గాలని పస్తులుండి పరుగెత్తకండి. రాత్రి ఎనిమిది గంటల నిద్ర ఉండాలి. పొగ తాగేవారికి ఎముక ఆలస్యంగా మానుతుంది.

యువతులకు ప్రత్యేక సూచన: సాధన మొదలుపెట్టిన తరువాత నెలసరి క్రమం తప్పినా, ఆగిపోయినా తిండి సరిపోవడం లేదని, ఎముకలు బలహీనపడుతున్నాయని గుర్తు. సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. రక్తహీనత ఉందేమో కూడా పరీక్ష చేయించుకోండి.

పరుగు రోజున

2022 నోటిఫికేషన్‌కు సంబంధించిన దేహదారుఢ్య పరీక్షలు అదే సంవత్సరం డిసెంబర్ 8న రాష్ట్రంలోని 12 కేంద్రాల్లో మొదలయ్యాయి. వాటిలో మహబూబ్‌నగర్ ఒకటి. అప్పుడు పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. పరుగులో నెగ్గినవారికే తరువాతి అంశాలు. మీరు పాల్గొనబోయే పరీక్షకు నిబంధనలు మారి ఉండవచ్చు కాబట్టి కొత్త నోటిఫికేషన్ తప్పక చదవండి.

ఆ లెక్కన 400 మీటర్ల చుట్టుకు పురుషులకు సుమారు 1 నిమిషం 48 సెకన్లు, మహిళలకు 2 నిమిషాల 40 సెకన్లు లభిస్తాయి. కొన్ని నెలలు క్రమంగా సాధన చేసిన ఆరోగ్యవంతులకు ఇది అందని వేగం కాదు. ఇక్కడ కావలసింది గడువులోగా చేరడమే, మొదటి స్థానం కాదు. గుంపుతో పాటు మొదటి చుట్టు ఉరికి, చివరి చుట్టులో కాలు ఈడ్చడం కంటే నాలుగు చుట్లూ ఒకే వేగంతో వెళ్ళడం కాలికీ, ఊపిరికీ మేలు. సైన్యంలో అగ్నివీర్ ర్యాలీకి వెళ్ళేవారి పరిస్థితి వేరు. అక్కడ 1.6 కిలోమీటర్ల పరుగుకు సమయాన్ని బట్టి మార్కులుంటాయి కాబట్టి తయారీకి మరిన్ని నెలలు కావాలి.

అచ్చంపేట, అలంపూర్ వంటి దూర ప్రాంతాలవారు వీలైతే ముందురోజు సాయంత్రానికే చేరుకోండి. చలికాలపు తెల్లవారుజామున కండరాలు బిగుసుకుని ఉంటాయి. కనీసం 15 నిమిషాలు నడక, మెల్లని పరుగుతో ఒళ్ళు వేడి చేసుకోండి. పరుగు మధ్యలో ఒక్కసారిగా పొడిచినట్లు నొప్పి వచ్చినా, ఎముక చిట్లినట్లు అనిపించినా అక్కడే ఆగిపోండి. ఆ క్షణంలో ఆగడం ఎంత కష్టమో మాకు తెలుసు. అయినా ఆగండి.

కొన్ని సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: నొప్పి పూర్తిగా పోలేదు, పరుగెత్తవచ్చా?
జవాబు: డాక్టరు పరీక్షించి చీలిక లేదని చెప్పి, నొప్పి పైన చెప్పిన రెండు మార్కుల లోపు ఉంటే ఆ ఒక్క పరుగు పరుగెత్తవచ్చు. ఆ తరువాత కొన్ని వారాలు కాలికి విశ్రాంతి ఇవ్వాలి.

ప్రశ్న: స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. పరీక్ష పది రోజుల్లో ఉంది. ఏమి చేయాలి?
జవాబు: పరుగెత్తకూడదు. ఈ చీలిక మానడానికి సాధారణంగా ఆరు నుండి ఎనిమిది వారాలు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ పడుతుంది. డాక్టరు ధృవపత్రంతో తేదీ మార్పుకు అవకాశం ఉందేమో నోటిఫికేషన్‌లో చూసి, అధికారులను అడగండి. లేకపోతే ఈ అవకాశాన్ని వదులుకోవడమే మంచిది. విరిగిన కాలితో పరీక్ష నెగ్గలేరు. ఒకవేళ నెగ్గినా, ఎంపికైన తరువాత నెలల తరబడి ఉండే శిక్షణను ఆ కాలు తట్టుకోలేదు.

ప్రశ్న: మళ్ళీ నొప్పి రాకుండా ఉండాలంటే?
జవాబు: నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకండి. కనీసం నాలుగు నెలల ముందు నుండి వారానికి మూడు రోజుల మెల్లని పరుగుతో మొదలుపెట్టండి. మూడు వారాలు కొంచెం కొంచెంగా పెంచి, నాలుగవ వారం తగ్గించండి. ఎముక తనను తాను కట్టుకోవడానికి ఆ వారం ఉపయోగపడుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట

కోచింగుకు, బూట్లకు అప్పు చేసి పంపిన బిడ్డ కుంటుతూ ఇంటికి వస్తే మీకు బాధగా ఉంటుంది. "అందరూ పరుగెత్తుతున్నారు, నీకొక్కడికే నొప్పా?" అనకండి. ఆ మాటకు భయపడి చాలామంది నొప్పిని దాచి, మాత్రలు మింగి పరుగెత్తుతారు. నొప్పి ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించమనండి. ఒక్క వేలి కింద ఉందని చూపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. నోటిఫికేషన్ మళ్ళీ వస్తుంది. అప్పుడు పరుగెత్తడానికి కాలు బాగుండాలి.